మార్స్ మీద గాలి ఉంది కదా, రోవర్‌ను దించడం అంత కష్టమెందుకు?

చంద్రయాన్-3 విక్రమ్ 2023 ఆగస్టు 23న మెత్తగా దిగింది కదా, మార్స్ మీద గాలి కూడా ఉంది కాబట్టి అదే ల్యాండర్‌కు ఒక పారాచూట్ కట్టి పంపితే రోవర్ దిగిపోదా అన్నది మీ ప్రశ్న. దిగదు. మీరు సాయం అనుకుంటున్న ఆ గాలే అసలు చిక్కు.

మార్స్ నేల దగ్గర ఒక ఘనమీటరు గాలి బరువు సుమారు 20 గ్రాములు. మన దగ్గర 1,200 గ్రాములు. సెకనుకు 5 కిలోమీటర్లకు పైగా వేగంతో వచ్చే వస్తువును కాల్చడానికి ఆ 20 గ్రాములు చాలు, నేల తాకేలోపు దాన్ని ఆపడానికి మాత్రం చాలవు. విక్రమ్ 30 కి.మీ. ఎత్తులో, సెకనుకు 1.68 కి.మీ. వేగం దగ్గర బ్రేకులు వేయడం మొదలుపెట్టింది. సుమారు 19 నిమిషాల పాటు ఇంజన్లు మండిస్తూ దిగింది. గాలి లేదు కనుక దాని ఆకారం ఎలా ఉన్నా ఇబ్బంది లేదు, కాళ్లు చాచుకునే దిగవచ్చు. నాసా రోవర్ పెర్సివరెన్స్ 2021 ఫిబ్రవరి 18న మార్స్ వాతావరణంలోకి వచ్చినప్పుడు వేగం సెకనుకు 5.4 కి.మీ. అంటే ప్రతి కిలోకూ వదిలించుకోవాల్సిన శక్తి విక్రమ్ కన్నా పది రెట్లు, దానికి దొరికిన సమయం ఏడు నిమిషాలు. ఈ వేగాన్నంతా ఇంజన్లతోనే చంపాలంటే, మామూలు ద్రవ ఇంధనాలతో లెక్కేసినా, వచ్చే బరువులో ఆరింట ఐదు వంతులు ఇంధనమే ఉండాలి. అందుకే గాలిని వాడుకోక తప్పదు.

గాలితో ఎంత పని అవుతుందో తేల్చడానికి ఒక చేతిలెక్క ఉంది. లిఫ్ట్ (గాలి పైకి నెట్టే బలం) లేకుండా నేరుగా దూసుకొచ్చే వస్తువుకు తగిలే గరిష్ఠ బ్రేకింగ్ కావాలంటే, ప్రవేశ వేగం వర్గాన్ని ప్రవేశ కోణం సైన్ విలువతో గుణించి, ఆ వచ్చినదాన్ని 2 × 2.718 × స్కేల్ హైట్‌తో భాగించాలి. స్కేల్ హైట్ అంటే గాలి సాంద్రత 2.718 రెట్లు తగ్గడానికి ఎక్కాల్సిన ఎత్తు, మార్స్ గాలికి అది సుమారు 11 కి.మీ. వేగం 5,400 మీ., కోణం 15.5 డిగ్రీలు పెడితే సెకనుకు సెకనుకు 130 మీటర్లు వస్తుంది, అంటే 13 జీ (భూమి గురుత్వ త్వరణానికి 13 రెట్లు). ఈ సూత్రంలో బరువు ఎక్కడా లేదని గమనించండి. తేలికదైనా బరువుదైనా అంతే దెబ్బ తింటుంది. బరువు తేల్చేది ఆ దెబ్బ ఏ ఎత్తులో పడుతుందన్న సంగతిని.

ఇక్కడే అసలు ఇబ్బంది మొదలవుతుంది. బరువును, డ్రాగ్ (గాలి నిరోధం) గుణకం × అడ్డుకోత వైశాల్యంతో భాగిస్తే వచ్చేది బాలిస్టిక్ కోఎఫిషెంట్. పెర్సివరెన్స్, దానికి ముందు వచ్చిన క్యూరియాసిటీ రోవర్ల తరగతి నౌకకు అది చదరపు మీటరుకు సుమారు 140 కిలోలు. ఆ విలువతో గరిష్ఠ బ్రేకింగ్ 20 కి.మీ. ఎత్తుకు కాస్త అటూ ఇటూగా పడుతుంది. వెడల్పు మార్చకుండా బరువు రెట్టింపు చేస్తే మొత్తం కథ 7.6 కి.మీ. కిందికి జరుగుతుంది (11 కి.మీ.ను 2 సహజ సంవర్గమానంతో గుణిస్తే వచ్చేది ఇదే). పెర్సివరెన్స్ పారాచూట్ తెరుచుకున్నది 11 కి.మీ. ఎత్తులో. బరువు రెట్టింపయితే అదే వేగం మూడున్నర కిలోమీటర్ల దగ్గర గానీ రాదు. పారాచూట్ విచ్చుకుని, హీట్ షీల్డ్ (వేడిని ఆపే కవచం) ఊడి, రాడార్ నేలను పట్టుకుని, ఇంజన్లు అందుకునే వ్యవధి అప్పుడు మిగలదు. పోనీ వెడల్పు పెంచుదామంటే, నౌక మొత్తం రాకెట్ ముక్కులో పట్టాలి. ఆ హద్దులోనే ఏరోషెల్ (నౌకను కప్పే డొల్ల) వెడల్పు 4.5 మీటర్ల దగ్గర ఆగింది. ఇప్పటిదాకా రోవర్లు దిగినవన్నీ పల్లపు ప్రాంతాలు కావడానికి ఇదే కారణం. క్యూరియాసిటీ దిగిన గేల్ బిలం నేల, మార్స్ సగటు మట్టానికి 4 కి.మీ. పైగా దిగువన ఉంది. ఆ నాలుగు కిలోమీటర్ల గాలి బ్రేకులేయడానికి ఎంతో విలువైనది. దక్షిణాన ఎత్తైన పీఠభూముల్లో శాస్త్రవేత్తలకు నచ్చిన చోట్లు ఎన్నో ఉన్నా ఇంజనీర్లు ఒప్పుకోనిది ఈ లెక్క చూసే.

పైగా ఆ గాలి ఒక్క తీరుగా ఉండదు. చలికాలంలో ధ్రువం దగ్గర కార్బన్ డై ఆక్సైడ్ గడ్డకట్టి నేల మీద పడుతుంది, వేసవిలో మళ్లీ ఆవిరవుతుంది. ఏడాదిలో గ్రహం మొత్తం మీద ఒత్తిడి పాతిక శాతం దాకా మారుతుంది. ధూళి తుఫాను లేస్తే పైగాలి వేడెక్కి సాంద్రత తలకిందులవుతుంది. 2004 జనవరిలో స్పిరిట్ రోవర్ దిగబోయే ముందు సరిగ్గా ఇదే జరిగింది. పారాచూట్‌ను ముందనుకున్న దానికన్నా ముందే తెరిచేలా చివరి రోజుల్లో ఆదేశాలు మార్చాల్సి వచ్చింది. కాబట్టి డిజైన్‌లో ‘గాలి సాంద్రత ఇంత’ అని ఒక అంకె రాసుకుని కూర్చుంటే కుదరదు. వేల రకాల వాతావరణాలు, గాలులు, సెన్సర్ లోపాలు కలిపి కంప్యూటర్‌లో వేలసార్లు దించి చూస్తారు. సగటు ఎలా వచ్చిందన్నది పెద్దగా పట్టించుకోరు, చివర తేలిన చెత్త ఫలితాలు ఎందుకు వచ్చాయో ఒక్కొక్కటి తవ్వి చూస్తారు.

ఇప్పుడు క్రమంగా దిగుదాం.

క్యూరియాసిటీకి ప్రవేశ కోణం 15.5 డిగ్రీలు, అనుమతించిన తేడా 0.2 డిగ్రీ. ఎక్కువ నిటారుగా వస్తే పైన చెప్పిన దెబ్బ పెరుగుతుంది, వేగం తగ్గకముందే నేల దగ్గరపడుతుంది. ఏటవాలుగా వస్తే వేడిని ఎక్కువసేపు భరించాలి, దిగే చోటు కూడా చెదిరిపోతుంది. ప్రవేశానికి 10 నిమిషాల ముందు క్రూజ్ స్టేజ్ (దారి పొడవునా నౌకను నడిపిన భాగం) ఊడిపోతుంది. అప్పటిదాకా నిమిషానికి 2 చుట్లు తిరుగుతున్న నౌక ఆ తిరుగుడు ఆపి, ఒక పక్కనున్న 75 కిలోల టంగ్‌స్టన్ దిమ్మెలు రెండింటిని వదిలేస్తుంది. బరువు కేంద్రం పక్కకు జరగడంతో క్యాప్సూల్ కొంచెం వంగి ఎగురుతుంది, ఆ వంపు వల్ల లిఫ్ట్ పుడుతుంది. డ్రాగ్‌లో నాలుగో వంతు కూడా ఉండదు ఆ లిఫ్ట్, అయినా అదే పెద్ద ఆయుధం. థ్రస్టర్లతో క్యాప్సూల్‌ను అటూ ఇటూ దొర్లించి లిఫ్ట్ దిక్కు మారుస్తూ దూరాన్ని సరిచేసుకుంటుంది. ఇదే లిఫ్ట్ పైగాలిలో ఎక్కువసేపు నిలిపి ఆ 13 జీని కొంత తగ్గిస్తుంది. పారాచూట్‌కు ముందు మళ్లీ నిటారుగా కావాలి కనుక 25 కిలోల దిమ్మెలు ఆరు వదులుతుంది. టన్ను రోవర్‌ను దించడానికి 300 కిలోల చచ్చుబరువు మోసుకుపోవడం దుబారా అనిపిస్తుంది గానీ, 1970ల వైకింగ్ ల్యాండర్ల రోజుల్లో 280 × 100 కి.మీ. ఉన్న దిగే దీర్ఘవృత్తం (నౌక ఎక్కడ దిగొచ్చో చూపే హద్దు) క్యూరియాసిటీకి 20 × 7 కి.మీ.కు కుంచించుకుపోయింది ఆ బరువు పుణ్యమే.

హీట్ షీల్డ్ విషయంలో ఒక పాఠం చెప్పుకోవాలి. క్యూరియాసిటీకి మొదట అంతకుముందు నౌకల్లో వాడిన పదార్థాన్నే అనుకున్నారు. వేడి దాని తట్టుకోగల హద్దులోనే ఉంది. కానీ ఇంత వెడల్పైన షీల్డ్ మీద గాలి ప్రవాహం అలజడిగా మారి, వేడితో పాటు పక్కకు గీసే ఒరిపిడి కూడా పెరుగుతుంది. ఆర్క్ జెట్ (మండే వాయువును వేగంగా చిమ్మే యంత్రం) పరీక్షల్లో ఆ పదార్థం ఒరిపిడికి ఆగలేక పోయింది. అప్పటికి ప్రాజెక్టు బాగా ముందుకెళ్లింది, అయినా పికా అనే మరో పదార్థానికి మారి 113 పలకలుగా అతికించారు. పాత పదార్థం మంచిదే, పాత పరిమాణానికి. పరిమాణం పెరిగితే భౌతిక పరిస్థితే మారిపోతుందని పరీక్ష ముందే చెప్పింది కాబట్టి బతికిపోయారు.

పారాచూట్ దగ్గర కాస్త నిలవాలి, ఎందుకంటే ఇది ఒక్కటే ఉంటుంది, రెండోది ఉండదు. పెర్సివరెన్స్‌ది 21.5 మీటర్ల వెడల్పు. హైడ్రాలిక్ ప్రెస్‌తో అదిమి ఒక చిన్న డబ్బాలో కుక్కి, మోర్టార్ అనే చిన్న ఫిరంగితో వెనక్కి పేల్చి విసురుతారు. అప్పటికి నౌక ఇంకా గాలిలో ధ్వనికన్నా ఒకటిన్నర రెట్ల పైచిలుకు వేగంతో పోతూ ఉంటుంది, సుమారు సెకనుకు 420 మీ. అరసెకను కాలంలో గుడ్డ మొత్తం విచ్చుకుని 30 టన్నుల దాకా లాగుడు భరించాలి. క్యాప్సూల్ వెనక రేగే అలజడి గాలి గుడ్డ నోటిని మూసి తెరిచి ఊగిస్తుంది. మాక్ 2 (ధ్వనికి రెండు రెట్ల వేగం) దాటితే ఈ ఊగుడు, వేడి రెండూ ముదురుతాయి. ఆలస్యం చేస్తే ఎత్తు పోతుంది. ఈ రెంటి మధ్య సందు చిన్నది. నాసా 2014, 2015లో హవాయి దగ్గర 30 మీటర్ల పెద్ద సూపర్‌సోనిక్ పారాచూట్‌లు పరీక్షిస్తే రెండూ చిరిగిపోయాయి. అంతకుముందు చేసిన బల పరీక్షల్లో సరిపోయిన డిజైన్ నిజంగా విచ్చుకునే క్షణంలో ఆగలేదు. నెమ్మదిగా లాగి చూసిన బలానికీ, గుడ్డ చెళ్లున విచ్చుకున్నప్పుడు ఒక్కో కుట్టు మీదా పడే బలానికీ పోలిక లేదని అప్పుడు అర్థమైంది. ఆ భయంతోనే పెర్సివరెన్స్ పారాచూట్‌ను గట్టి గుడ్డతో చేసి, 2017, 2018లో సౌండింగ్ రాకెట్లతో (పైకెళ్లి తిరిగి పడే చిన్న రాకెట్లు) భూమి పైపొరల్లోకి పంపి పరీక్షించారు. 2018 సెప్టెంబరు 7 నాటి పరీక్షలో 0.4 సెకనులో విచ్చుకుని, మార్స్ మీద ఊహించిన దానికన్నా ఎక్కువ లాగుడు తట్టుకుంది.

తెరవాల్సిన క్షణాన్ని ఎలా ఎంచాలన్నది మరో సంగతి. క్యూరియాసిటీ తన వేగం చూసుకుని తెరిచింది. పెర్సివరెన్స్ వేగం హద్దుల్లోనే ఉంటూ, గమ్యం ఎంత దూరం ఉందో చూసుకుని తెరిచింది. హార్డ్‌వేర్ ఏమీ మారలేదు, నిర్ణయించే షరతు ఒక్కటి మారింది. ఆ ఒక్క మార్పే దిగే దీర్ఘవృత్తాన్ని 7.7 × 6.6 కి.మీ.కు తేవడంలో పెద్ద పాత్ర పోషించింది, జెజెరో బిలం లాంటి రాళ్ల చోటును ఎంచుకునే వీలిచ్చింది.

పారాచూట్ విచ్చుకున్న 20 సెకన్లకు హీట్ షీల్డ్ ఊడిపోతుంది. ధ్వనివేగం కన్నా బాగా తగ్గాకే ఊడాలి, లేకపోతే అది దూరంగా పోకుండా వెనక్కొచ్చి నౌకను తగలవచ్చు. ఊడాక కూడా రాడార్ కిందకు చూస్తే ముందు కనిపించేది ఆ రాలుతున్న షీల్డే. దాన్నే నేల అనుకుంటే అంతే సంగతులు, అందుకే అది తగినంత దూరం పోయాకే రాడార్ మాట నమ్మాలి. పెర్సివరెన్స్‌లో అదనంగా ఒక కెమెరా, దానికో ప్రత్యేక కంప్యూటర్ ఉన్నాయి. కింద కనిపిస్తున్న నేలను, కక్ష్యలో తిరిగే ఆర్బిటర్ తీసిన ఫొటోలతో చేసిన పటంతో పోల్చి తానెక్కడ ఉందో 40 మీటర్ల తేడాలో తేల్చుకుంటుంది. ముందే గుర్తు పెట్టిన ప్రమాదాల పటం చూసి చేరగలిగిన వాటిల్లో మంచి చోటు ఎంచుకుంటుంది.

పారాచూట్ ఎంత పెద్దదైనా ఆ పలచటి గాలిలో గంటకు సుమారు 320 కి.మీ. కన్నా తగ్గించలేదు. 2.1 కి.మీ. ఎత్తులో నౌక బ్యాక్‌షెల్ (వెనక డొల్ల) నుంచి జారి కిందపడుతుంది, ఎనిమిది హైడ్రజీన్ ఇంజన్లు మండుతాయి. మొదటి పని పక్కకు తప్పుకోవడం, లేకపోతే పారాచూట్, బ్యాక్‌షెల్ వచ్చి నెత్తిన పడతాయి.

చివరి 20 మీటర్లు. విక్రమ్‌లా కాళ్లున్న ల్యాండర్ ఎందుకు కాదు? టన్ను బరువున్న రోవర్‌ను ల్యాండర్ పైన పెడితే బరువు కేంద్రం పైకి పోతుంది, రాయి మీద కాలు పడితే బోల్తా. పైన ఉన్నదాన్ని ర్యాంపు మీద కిందికి దించడం ఇంకో గండం. ప్రజ్ఞాన్ 26 కిలోలు, చైనా జురాంగ్ 240 కిలోలు కాబట్టి ర్యాంపులు సరిపోయాయి. పైగా నేలకు దగ్గరగా మండే ఇంజన్ల మంట మట్టిని తవ్వి రాళ్లను ఎగరేస్తుంది. స్పిరిట్, ఆపర్చునిటీలకు వాడిన గాలిసంచులు 185 కిలోల రోవర్లకు పనికొచ్చాయి. 900 కిలోల క్యూరియాసిటీకి అంత గట్టి సంచి చేయాలంటే సంచి బరువే మోయలేనంత అవుతుంది. అందుకే ఇంజన్లను పైనే ఉంచి, బావిలోకి బిందె దించినట్టు రోవర్‌ను మూడు నైలాన్ తాళ్ల మీద దించారు. ఇంజన్లు నాలుగు దాదాపు ఆగిపోతాయి, మిగతా నాలుగూ మోస్తాయి. రోవర్ 6.4 మీటర్ల కిందికి జారుతుంది, చక్రాలు విచ్చుకుంటాయి, మొత్తం సెకనుకు 0.75 మీటర్ల వేగంతో దిగుతూనే ఉంటుంది.

నేల తగిలిందని ఎలా తెలుస్తుంది? ఇందులో నాకు అన్నిటికన్నా నచ్చేది ఈ భాగమే. చక్రాలకు సెన్సర్ ఏదీ లేదు. నేల తాకగానే రోవర్ బరువు తాళ్ల మీద నుంచి పోతుంది, అదే వేగం నిలుపుకోవడానికి ఇంజన్లకు సగం బలమే చాలుతుంది. బలం తగ్గి, అలాగే కొంతసేపు నిలకడగా ఉంటే దిగినట్టు. రాయి మీద ఒక చక్రం క్షణం పాటు తగిలి లేచినా మోసపోదు. ఆ తర్వాత తాళ్లు, రోవర్‌కు కలిపిన విద్యుత్ తీగ కోసేసి, ఇంజన్లున్న పైభాగం (డిసెంట్ స్టేజ్) దూరంగా ఎగిరి కూలుతుంది. ఇంత జాగ్రత్త పడ్డా క్యూరియాసిటీ గాలి సెన్సర్లలో ఒకటి దెబ్బతింది. ఇంజన్లు లేపిన రాళ్లు తగిలి ఉంటాయని అనుమానం.

ఈ నిలకడ షరతు విలువ తెలియాలంటే 1999 డిసెంబరు 3 చూడాలి. మార్స్ పోలార్ ల్యాండర్ కాళ్లలో నేల తాకిన సంగతి చెప్పే సెన్సర్లున్నాయి. సుమారు 1,500 మీటర్ల ఎత్తులో కాళ్లు చెళ్లున విచ్చుకున్నప్పుడు ఆ కుదుపుకే సెన్సర్లు ‘తాకింది’ అని చెప్పగలవు. సాఫ్ట్‌వేర్ ఆ మాటను అప్పుడే రాసిపెట్టుకుంది, చెరపలేదు. 40 మీటర్ల దగ్గర ఆ సెన్సర్లను చూడటం మొదలుపెట్టగానే పాత గుర్తు కనిపించి ఇంజన్లు ఆపేసి ఉంటుందన్నది, జరిగి ఉండే అవకాశం అన్నిటికన్నా ఎక్కువున్న కారణంగా విచారణ బృందం తేల్చింది. అక్కడి నుంచి పడితే సెకనుకు 22 మీటర్లతో నేలను ఢీకొంటుంది. ఇలాంటి క్షణికమైన సంకేతాలను పట్టించుకోకూడదని పై స్థాయి పత్రంలో ఉంది, సాఫ్ట్‌వేర్ రాసేవారికి అందిన పత్రంలోకి అది స్పష్టంగా దిగలేదు. కాళ్ల పరీక్షలో సెన్సర్ల తీగలు తప్పుగా కలిపినట్టు తేలింది, సరిచేశారు, కానీ ఆ పరీక్షను మళ్లీ చేయలేదు.

యూరప్ వారి స్కియాపరెల్లి ల్యాండర్ 2016 అక్టోబరు 19న పోయింది. పారాచూట్ విచ్చుకున్న ఊపుకు తిరుగుడు కొలిచే పరికరం సుమారు ఒక సెకను పాటు హద్దు దాటి నిండిపోయింది. కంప్యూటర్ ఆ తప్పు విలువనే కూడుకుంటూ పోయి, నౌక తలకిందులైందని నమ్మింది. రాడార్ చెప్పిన దూరాన్ని ఆ కోణంతో లెక్కేస్తే ఎత్తు మైనస్‌లో వచ్చింది. నేల కిందికి వెళ్లిపోయాననుకుని పారాచూట్ వదిలేసి, ఇంజన్లు మూడు సెకన్లు మండించి ఆపేసింది. అప్పటికి నిజమైన ఎత్తు 3.7 కి.మీ. పారాచూట్, రాడార్, ఇంజన్లు మూడూ బాగానే ఉన్నాయి. ‘ఒక్క సెకనులో ఎత్తు కిలోమీటర్ల నుంచి మైనస్‌కు ఎలా పోతుంది’ అని అడిగే నాలుగు వరుసల కోడ్ లేదు.

చంద్రయాన్-2 గురించి 2023లో అప్పటి ఇస్రో చైర్మన్ ఎస్. సోమనాథ్ చెప్పినదీ ఈ కోవలోదే. ఇంజన్లు ఊహించిన దానికన్నా ఎక్కువ బలం ఇచ్చాయి, తేడాలు పోగుపడ్డాయి, సరిచేసుకోవాల్సిన సమయానికి నౌక వేగంగా తిరగడానికి సాఫ్ట్‌వేర్ పెట్టిన హద్దు అడ్డొచ్చింది. దిగాల్సిన చోటు 500 × 500 మీటర్లే కావడంతో దాని కోసం ఇంకా తంటాలు పడింది. చంద్రయాన్-3లో ఆ చోటును 4 × 2.4 కి.మీ.కు పెంచారు, వేగం కొలిచే లేజర్ సెన్సర్ చేర్చారు, కాళ్లను సెకనుకు 3 మీటర్ల వేగం తట్టుకునేలా చేశారు. ఏదో ఒకటి చెడుతుందని ముందే ఒప్పుకుని చేసిన డిజైన్ అది.

మూడింట్లోనూ విడి భాగాలు పాడవలేదు. ఒక దశ వదిలి మరో దశ అందుకునే చోట, ముందు దశ అప్పగించిన స్థితి తర్వాతి దశ ఊహించిన స్థితి కాకపోవడమే ప్రాణం తీసింది. క్యూరియాసిటీలో ఇలాంటి విడదీతలకు పేలే పైరో పరికరాలే 76. అన్నీ వాటి వాటి క్షణాల్లో పేలాలి. భూమి మీద నుంచి సాయం చేయలేరు: పెర్సివరెన్స్ దిగిన రోజున సంకేతం చేరడానికి 11 నిమిషాల 22 సెకన్లు పట్టింది. ‘వాతావరణంలోకి వచ్చాను’ అన్న కబురు అందేసరికి రోవర్ నేల మీదుండి నాలుగు నిమిషాలు దాటింది. ముందు నుంచి చివరిదాకా ఒకే పరీక్ష చేసే వీలూ భూమి మీద లేదు, ఆ గాలీ ఆ గురుత్వాకర్షణా ఇక్కడ కలిసి దొరకవు. రాడార్‌ను హెలికాప్టర్ మీద, ఎఫ్-18 విమానం మీద, షీల్డ్ ముక్కను ఆర్క్ జెట్‌లో, పారాచూట్‌ను రాకెట్ మీద విడివిడిగా పరీక్షించి, అతుకులను కంప్యూటర్‌లో చూసుకోవాలి.

ఇంకా బరువైనవి దించాలంటే రెండు దారులు కనిపిస్తున్నాయి. ధ్వనివేగం దాటి పోతుండగానే ఎదురు ఇంజన్లు మండించడం ఒకటి, అంతరిక్షంలోకి వెళ్లాక ఉబ్బి వెడల్పయ్యే షీల్డ్ మరొకటి. ఈ రెండోదాన్ని ఇస్రో 2022 సెప్టెంబరు 3న తుంబా నుంచి రోహిణి సౌండింగ్ రాకెట్ మీద చిన్న స్థాయిలో పరీక్షించింది.

మీరు ఇంజనీరింగ్ చదువుతుంటే ఒక పని చేయండి. నేల దగ్గర సాంద్రత ఘనమీటరుకు 0.02 కిలోలు, స్కేల్ హైట్ 11 కి.మీ., బాలిస్టిక్ కోఎఫిషెంట్ 140, ప్రవేశ ఎత్తు 125 కి.మీ., వేగం సెకనుకు 5.4 కి.మీ., కోణం 15.5 డిగ్రీలు పెట్టి, పదోవంతు సెకను అడుగులతో ఒక చిన్న ప్రోగ్రాం రాయండి. గ్రహం వంపును వదలొద్దు, దాన్ని వదిలేస్తే కోణం తప్పుతుంది. వేగం 420 మీటర్లకు పడిపోయిన ఎత్తును రాసుకోండి. లిఫ్ట్ లేదు కాబట్టి అది 11 కన్నా తక్కువే వస్తుంది, ఆ తేడా టంగ్‌స్టన్ దిమ్మెల విలువ. తర్వాత సాంద్రతను పదిశాతం తగ్గించి, కోణాన్ని 0.2 డిగ్రీ పెంచి మళ్లీ నడపండి.